బ్రేకులకు జీడి నూనె

ఒక కారు, ఒక ఊరి సంబరం, మా బావ పరువు, నా రెండు అరచేతుల చర్మం. ఇవన్నీ ఒకే పూటలో, ఒకే డబ్బా నూనెతో ఎలా పాడు చేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగాలి. పలాసలో అందరూ అడుగుతూనే ఉన్నారు. టీ కొట్టు దగ్గర అడుగుతారు. మంగలి షాపులో, సగం గడ్డం గీసి కత్తి పైకెత్తి పట్టుకుని అడుగుతారు. పెళ్ళిభోజనాల్లో సాంబారు వడ్డించేవాడు నా విస్తరి దగ్గర ఆగి, గరిట వంచకుండా, "ఆ కారు కత ఒకసారి సెప్పండి బాబూ" అంటాడు. సాంబారు కోసం చెప్పాను. పదేళ్ళుగా చెబుతున్నాను. ఇక ఓపిక లేదు. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరు అడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నా టీ నేను తాగుతాను.

ముందు నా అర్హతలు. పదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. కాని మా శాఖా గ్రంథాలయంలో నాలుగు బీరువాలుంటే మూడున్నర చదివాను. మిగిలిన సగానికి తాళంచెవి పోయింది గాని, లేకపోతే అదీ వదిలేవాణ్ణి కాదు. పగలు జీడి ఫ్యాక్టరీలో పప్పు తూకం, సాయంత్రం గ్రంథాలయం. తేనెటీగల పెంపకం, రోము చక్రవర్తులు, పిడుగులు, పళ్ళ జబ్బులు, ఏది చేతికొస్తే అది చదివేవాణ్ణి. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం అరగదు. నా పేరు లోకనాథం. మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు నన్ను పుస్తకాల బాబు అంటారు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

అలాంటి రోజుల్లో నాకు మోటారు కార్ల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు. రాసినవారి పేరు ఎలుకలు తినేశాయి. లోపలంతా పందెం కార్లు. నేను దాన్ని మూడుసార్లు చదివి, పందేల మీద కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పరచుకున్నాను. పందెం కారుకు కప్పు ఉండదు, హారను ఉండదు, భార్యను కూర్చోబెట్టడానికి చోటు ఉండదు, కొబ్బరి గెల పెట్టుకోవడానికి డిక్కీ ఉండదు. వెనక విమానం రెక్కలాంటిది ఒకటి ఉంటుంది. అది పైకి లేపడానికి కాదట, నేలకు అదమడానికట. అంటే ముందు ఎగిరిపోయేంత తేలిక కారు చేసి, తరువాత ఎగరకుండా దానికి రెక్క తగిలిస్తారన్నమాట. ఇంత చేసి, చెవులు చిల్లులు పడేట్టు అన్నేసి చుట్లు తిరిగి, చివరికి బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతారు. మా ఆటోవాళ్ళు నయం, కనీసం కాశీబుగ్గలో దింపుతారు. నాలుగు చక్రాలనూ రెండు మూడు క్షణాల్లో మార్చేస్తారని కూడా ఆ పుస్తకంలో ఉంది. మా టైర్ల షాపాయన అంతసేపట్లో చక్రం వైపు తల తిప్పడం కూడా పూర్తి చేయడు.

ఇళ్ళ ముందు ఆగే మామూలు కార్లు మాత్రం ఏం తక్కువ? పొట్టి కారు ఒకటి చేస్తారు, తరువాత ఎవరో డిక్కీ లేదేమని అడిగితే పాత చొక్కాకు కొత్త జేబు కుట్టినట్టు వెనక ఒక డబ్బా అతికిస్తారు. ఫ్యాను తగ్గించాలంటే అద్దంలాంటి పలక మీద మూడుసార్లు వేలితో గోకాలి, ఆలోగా ఎదురుగా గేదె వచ్చేస్తుంది. ఎండకు భయపడి కొబ్బరితోటల్లో దూరే మా ఉద్దానం మనుషులకు, నడినెత్తిన కన్నం పెట్టిన కారు అమ్ముతారు. కన్నానికి విడిగా ధర.

వీటన్నిటికీ తాతలాంటిది మా బావ కారు.

మా అక్క దమయంతి భర్త ధర్మారావు బావ. మందస దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊరు వాళ్ళది. ఊరి పేరు రాయను. అక్కడ నన్ను ఇంకా గుర్తుపడతారు. బావ చాలా ఏళ్ళు దేశానికి పడమటి కొసన ఏదో కంపెనీ క్యాంటీనులో వంట చేశాడు. ఏడాదికి ఒకసారి వచ్చి, పది రోజులుండి, పిల్లలు మాలిమి అయ్యేలోగా మళ్ళీ రైలెక్కేవాడు. చివరికి విసిగి ఊరికి వచ్చేసి, బాడుగకు తిప్పుదామని ఎవరి దగ్గరో పాత కారు కొన్నాడు.

దాన్ని ఏదో విదేశీ కంపెనీ తయారు చేసి, చేసిన పనికి సిగ్గుపడి దేశం వదిలి వెళ్ళిపోయింది. రంగు పండిన జీడిపండు రంగు. వాళ్ళ దేశంలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడట. మన దేశానికి పంపేటప్పుడు స్టీరింగును కుడివైపుకు మార్చారు గాని, వైపర్లను మార్చడం మరిచిపోయారు. వాన పడితే పక్క సీట్లో ఉన్న నా ముందు అద్దం తళతళలాడేది. బావ ముందు మాత్రం ఏరు పారేది.

"లోకా, రోడ్డు ఉన్నాదేటి?"

"ఉంది బావా. కొంచెం ఎడమకి."

"ఆ నల్లగ కనపడతన్నాది ఏటి?"

"గేదె. మనల్ని చూసి అదే తప్పుకుంటోంది."

అలా వానాకాలమంతా నా కళ్ళతో ఆయన నడిపాడు. వెనక తలుపుల పిడి ఎక్కడుంటుందో తెలుసా? అందం కోసమని కిటికీ పక్కన నల్లటి మూలలో దాచారు. కొత్తగా ఎక్కేవాళ్ళు తలుపును పైనుంచి కిందిదాకా తడిమి, తట్టి, బతిమాలి, చివరికి బస్సెక్కి వెళ్ళిపోయేవారు. ఇక బ్రేకు సంగతి. టెక్కలిలో తొక్కితే నౌపడాలో ఆగేది. ఈ బ్రేకు పేరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. బాడుగలు రావడం మానేశాయి.

సరిగ్గా అప్పుడే వాళ్ళ ఊరి అమ్మవారి సంబరం వచ్చింది. సర్పంచి గారు పెద్ద భూములున్న నాయుడుగారు. ఆయనకు ఎనభై దాటిన తల్లి, సూరమ్మ గారు. ప్రతి సోమవారం రావివలస వెళ్ళి మల్లికార్జునుణ్ణి చూసి రావాలని ఆవిడ మొక్కు. అందుకని ఏడాది పొడుగునా ఒక కారును బాడుగకు పెట్టుకుందామని సర్పంచి గారు అనుకున్నారు. మిగిలిన రోజుల్లో అదే కారులో ఆయన టెక్కలి, పలాస పనులు. పాత డ్రైవరు ఆపిన ప్రతిసారీ తల ముందు సీటుకు కొట్టుకుని విసిగిపోయిన సూరమ్మ గారు, "ఆపడం వచ్చినోడు గావాల నాకు" అని పట్టుబట్టారట. దాంతో సంబరంలో పోటీ పెట్టారు. నేల మీద ఒక కొబ్బరికాయ ఉంచుతారు. కారు వేగంగా వచ్చి, కొబ్బరికాయకు తగలకుండా, దానికి వీలైనంత దగ్గరగా ఆగాలి. మూడు విడతలు. గెలిచినవాడికి ఏడాది బాడుగ.

పోటీకి రెండు రోజుల ముందు బావ పలాస వచ్చి, మా ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాలుగా నిలబడ్డాడు.

"ఏంటి బావా?"

"మెకానిక్కు సెప్పీసినాడ్రా. ఈ బండి బ్రేకు లైనింగులు ఈ జిల్లాల ఎక్కడా దొరకవంట. తెప్పిత్తే పదిహేను రోజులంట."

"పోటీ ఎల్లుండి కదా?"

"అదే మరి. గెలిత్తే ఊళ్ళో ఉంటాను. నేదంటే బండి అమ్మీసి ఆదివారం రైలెక్కుతాను. క్యాంటీనోలు రమ్మన్నారు. టిక్కెట్టు కూడా తీసీసినాను." గేటు ఊచ గోకుతూ అన్నాడు: "మా సిన్నది నిన్న కూడా నన్ను నాన్నా అనకుండా మావయ్యా అనీసినాదిరా."

ఆ మాట వినగానే నాలోని మూడున్నర బీరువాలు ఒక్కసారి కదిలాయి.

సాయంత్రం గ్రంథాలయానికి పరుగెత్తి, బ్రేకుల అధ్యాయం తీశాను. ఎలుకల దయవల్ల అది మిగిలి ఉంది. కుడివైపు పేజీ చివరి వాక్యం చదివి నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. చక్రాన్ని ఒరుసుకుని ఆపే ఆ బ్రేకు లైనింగుల తయారీలో జీడిపిక్కల తొక్కనుంచి తీసే నూనె వాడతారట! దానివల్ల పట్టు నిలుస్తుందట!

పాఠకులారా, ఒక్క నిమిషం నా స్థానంలో కూర్చోండి. ప్రపంచంలో ఎక్కడెక్కడి పందెం కార్లో మా పలాస తొక్కల పుణ్యాన ఆగుతున్నాయి. ఆ తొక్కలు మా ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని గానుగాడి తీసిన నల్లటి నూనె డబ్బాలు నేను రోజూ తూచే కాటా పక్కనే ఉన్నాయి. నేనేమో రోజూ వాటిని తప్పుకుని నడుస్తూ, కంపు అని ముక్కు మూసుకుంటున్నాను! గ్రంథాలయం వారు ఫ్యాను ఆపేశారు. మూసేవేళ అయింది. నేను పుస్తకం మూసి లేచాను. పేజీ తిప్పలేదు. దయచేసి ఆ సంగతి గుర్తుంచుకోండి, నన్ను ఎవరూ మరిచిపోనివ్వడం లేదు.

మర్నాడు పొద్దున్న నేను నూనె డబ్బా ఎత్తుకుంటుంటే, ముప్పై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్న నీలమ్మ చూసింది.

"ఆ సెత్త నూనె ఎక్కడికి బాబూ?"

"కారు బ్రేకులకు పూయడానికి."

నీలమ్మ చేతిలో పిక్క కొట్టకుండా ఆగిపోయింది. "కారుకేటి, బ్రేకుకేటి? సేతికంటితే తోలు ఊడిపోద్ది. పైగా జారిపోద్ది బాబూ ఆ నూనె. పిడికంటితే కత్తి నిలవదు సేతిల. మేం బూడిద రాసుకుని కొడతాం, సూత్తన్నారు కదా."

"నీలమ్మా, అది నువ్వు కత్తి పిడికి చూశావు. ఇది యంత్రం. శాస్త్రం వేరు."

"జారడానికి శాత్త్రం ఏటి బాబూ?" అంది నీలమ్మ.

చదువుకోనివాళ్ళతో వాదం ఎందుకని నేను జాలిగా నవ్వి బయలుదేరాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నానికి బావ ఇంటి వెనక కొబ్బరిచెట్ల నీడలో పని మొదలైంది. బావ జాకీ వేసి చక్రాలు ఊడదీశాడు. ఆ కారున్నవాడికి చక్రం ఊడదీయడం రాక తప్పదు. నేను చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, పుల్లకు గుడ్డ చుట్టి, నాలుగు చక్రాల లైనింగులకూ రెండేసి పూతలు పూశాను. ఒక చక్రానికి ఎక్కువ, ఒక చక్రానికి తక్కువ అన్న పక్షపాతం చూపలేదు.

"ఒరే, సూత్తే జారేలా ఉన్నాదిరా" అన్నాడు బావ.

"బావా, పందెం కారు గాలి కంటే ముందు పోతుంది. దాన్నే ఆపుతోంది ఇది. నీ కారు ఎంత పోతుంది?"

"ఎక్కుడులోనా, దిగుడులోనా?"

"దిగుడులోనే అనుకో."

"యాభై. ఎనక నుంచి గాలి కొడితే."

"మరి భయం ఎందుకు?"

అక్క వచ్చి కాసేపు నిలబడి చూసింది. "ఒరే తమ్ముడా, ఏటి పూత్తన్నావో నాకు తెలీదు. పుత్తకంలో ఉన్నాదా ఇది?"

"ఉందక్కా. అచ్చులో ఉంది."

"అయితే పూయి" అంది. నన్ను అంతగా నమ్మిన మనిషి అంతకుముందూ లేదు, ఆ తరువాతా లేదు. చెమట పడితే సంచి తొడిగిన చేత్తోనే ముక్కు తుడుచుకున్నాను. సంచికి చిల్లు పడిందని అప్పుడు తెలియలేదు. తెల్లారేసరికి ముక్కు, అరచేతులు కాలి ఎర్రబడి బొబ్బలెక్కాయి. నేను వాటిని పరిశోధకుల గాయాలుగా భావించాను.

తెల్లారేసరికి నూనె కూడా ఆరి, సగం ముదిరిన బెల్లం పాకంలా బంకగా తయారైంది. ఇంటినుంచి మైదానానికి బయలుదేరుతూ బావ బ్రేకును ఇలా తాకాడో లేదో, మేకు కొట్టినట్టు కారు అక్కడే నిలబడిపోయింది. నా తల అద్దానికి ఠంగుమని తగిలింది. తల బొప్పి కట్టినందుకు అంత ఆనందించిన మనిషిని మీరు చూసి ఉండరు.

"చూశావా బావా! ఆగింది!"

"ఆగినాదిరా లోకా! నువ్వు మనిషివి కాదురా!" అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ.

మైదానం ఊరి చివర, సముద్రానికి దగ్గర. ఒక పక్క షామియానా, మైకు. ఇంకో పక్క పీచు తీసే షెడ్డు, దాని ముందు ఇల్లంత ఎత్తున కొబ్బరి పీచు గుట్ట. గీత మీద కొబ్బరికాయ. కొబ్బరికాయకు కొంచెం వెనక, గొడుగు కింద, కుర్చీలో సూరమ్మ గారు.

"అమ్మా, అక్కడ వద్దే, బళ్ళొత్తాయి" అని సర్పంచి గారు బతిమాలుతున్నారు.

"నాకు దూరం కనపడదు నాయినా. ఆగేవోడు ఎలాగూ ఆగుతాడు. ఆగనోడు ఎవుడో నాను దగ్గరుండి సూడాల" అని ఆవిడ కదల్లేదు.

పోటీకి ఆరు కార్లు వచ్చాయి. వాటిలో నాలుగు మొదటి విడతలోనే కొబ్బరికాయను తన్నేసి తప్పుకున్నాయి. మిగిలింది మేము, టెక్కలి నుంచి వచ్చిన త్రినాథ్. అతనిది కొత్త తెల్ల కారు. నేను బావ పక్క సీట్లో కూర్చున్నాను. ఎందుకంటే కొన్ని పందేల్లో డ్రైవరు పక్కన ఒక మనిషి కూర్చుని, కాగితం చూసి దారి చెబుతూ ఉంటాడని నేను చదివాను. అందుకని నేనూ కాగితం రాసుకున్నాను. "సూటిగా. సూటిగా. ఇంకా సూటిగా. కొబ్బరికాయ." అంతే ఉంది అందులో. మైదానంలో వేరే మలుపు లేదు.

మొదటి విడతలో జానెడు దూరంలో ఆగాం. త్రినాథ్ జానెడున్నర. రెండో విడతలో మేము బెత్తెడు! ఈనెపుల్లతో కొలిచి మైకులో చెప్పగానే ఊరంతా ఈలలు. అక్క షామియానా కింద రెండు చేతులూ ఎత్తి అమ్మవారికి దణ్ణం పెడుతోంది. త్రినాథ్ వచ్చి మా కారు చుట్టూ తిరిగాడు.

"ఏటేసినావు గురూ బ్రేకుకి?"

"చదువు" అన్నాను నేను.

అప్పుడే గాలిలో ఒక వాసన మొదలైంది. జనంలో ఎవరో అన్నారు: "ఎవలో పిక్కలు కాలుత్తన్నారేటి?"

"పలాస గాలి ఇటు మల్లిందేమో."

బావ ముక్కు ఎగబీల్చి, కిందికి వంగి చూశాడు. "ఒరే, సక్రాల్లోంచి పొగొత్తన్నాదిరా."

భయంకొద్దీ ఆయన మొదటినుంచి బ్రేకు మీద కాలు తీయకుండానే నడుపుతున్నాడు. నేను మాత్రం తొణకలేదు. "రావాలి బావా. పందెం కార్ల బ్రేకులు నిప్పులా ఎర్రబడతాయి. వేడెక్కేకొద్దీ పట్టు పెరుగుతుంది."

"అది కూడా పుత్తకంలో ఉన్నాదా?"

"దాదాపు" అన్నాను.

మూడో విడత. ఈసారి దూరం రెట్టింపు. మైకు పట్టుకున్నతను గొంతు పెంచాడు. "వత్తన్నాది, వత్తన్నాది, జీడిపండు కారు వత్తన్నాది! సప్పట్లు గావాల!"

"సూటిగా" అన్నాను నేను కాగితం చూసి.

"తెలుసు."

"ఇంకా సూటిగా."

"నోరు ముయ్యిరా."

"కొబ్బరికాయ! బ్రేకు!"

"తొక్కినాను."

"తొక్కు బావా!"

"తొక్కీసినాన్రా! కాలు అడుక్కి ఎల్లిపోనాది!"

"ఇంకా తొక్కు!"

"ఇంకా తొక్కితే బండి కాదురా, బూమిని తొక్కాల!"

"చేతి బ్రేకు లాగు!"

"దానిక్కూడా నువ్వే పూసినావు కదరా!"

నూనె కరిగిపోయింది. అంతవరకు బంకలా పట్టుకున్నది వేడికి నీరై, నాలుగు చక్రాలూ వెన్న మీద తిరుగుతున్నట్టు తిరిగాయి. కొబ్బరికాయ మా కింద ఎక్కడో పటేలుమంది. ఎదురుగా గొడుగు, గొడుగు కింద సూరమ్మ గారు. ఆవిడ లేవలేదు. లేవగలిగే వయసూ కాదు. మమ్మల్నే చూస్తున్నారు. నా చేతిలో కాగితం ఉంది గాని, అందులో తరువాత ఏమీ రాసి లేదు.

బావ నన్ను అడగలేదు. స్టీరింగును రెండు చేతులా పట్టి, ఒక్కసారి కుడివైపుకు తిప్పేశాడు. ఆ క్షణంలో ఆయన మొహం చూశాను. ఏడాది బాడుగ, తన కారు, ఆదివారం రైలు, ఏవీ లేవు ఆ మొహంలో. ముసలావిడ ఒక్కతే ఉంది. గొడుగు అంచు నా కిటికీని రాసుకుంటూ పోయింది. షామియానా తాళ్ళు రెండు తెంపుకుని కారు పీచు గుట్ట వైపు దూసుకుపోయింది. మైకతను మాత్రం తన పని తాను చేస్తూనే ఉన్నాడు.

"వత్తన్నాది... వచ్చీసినాది... ఓలమ్మో, ఎల్లిపోతన్నాది... ఎల్లిపోనాది!"

తరువాత అంతా చీకటి. మెత్తగా, పొడిగా, దురదగా ఉన్న చీకటి. నోట్లో పీచు. కొంతసేపటికి నేనన్నాను.

"బావా, ఆగింది."

"ఆగినాది."

"దెబ్బ తగిలిందా?"

"నాకు నేదు. నిన్ను కొట్టడానికి సెయ్యి ఆడతాదో నేదో సూత్తన్నాను" అన్నాడు బావ.

బయట జనం పీచు తోడుతున్నారు. గోల వినబడుతోంది. "తలుపు ఎక్కడున్నాదిరా దీనికి?" "పిడి నేదురా!" "ఇది కారేనా, బీరువానా?" పావుగంట వెతికి, చివరికి వెనక అద్దం ఊడదీసి మమ్మల్ని లాగారు. తల నుంచి కాలి దాకా పీచు అంటుకుని, ఇద్దరం వొలవని కొబ్బరికాయల్లా బయటపడ్డాం.

సర్పంచి గారు పరుగెత్తుకొచ్చి అరిచారు. కోపమో భయమో తెలియలేదు. "పోలీసులకి సెప్పాల మీ ఇద్దర్నీ! మా అమ్మ మీదికి తెత్తారా? త్రినాథ్, ఇలా రా, నువ్వే గెలిసినావు. రేపట్నుంచి నీ బండే."

బావ ఒంటి మీది పీచు పీక్కుంటూ తల దించుకుని నిలబడ్డాడు. అక్క నా వైపు చూసింది. కొంగుతో నా మొహం మీది పీచు తుడిచింది. తిట్టినా బాగుండేది.

"ఆగు నాయినా" అన్నారు సూరమ్మ గారు కుర్చీలోంచే. "ఆ త్రినాథ్‌ని అడుగు. బ్రేకు పడకపోతే ఏటి సేత్తాడో."

త్రినాథ్ నవ్వాడు. "మా బండికి బ్రేకు పడకపోవడం ఏటి మామ్మా? కొత్త బండి."

"సూసినావా? ఈడికి తెలీదు" అన్నారావిడ కొడుకుతో. "బ్రేకు పడితే ఎవుడైనా ఆపుతాడు. పడనప్పుడు తన బండి సూసుకోకుండా నన్ను సూసినోడు ఈడొక్కడే. నాను ఈడి బండే ఎక్కుతాను."

"అమ్మా, ఆ బండికి బ్రేకుల్లేవే!"

"ఏయించుకుంటాడు. బుద్ది ఏయించలేం కద." తరువాత ఆవిడ చూపు నా మీద పడింది. నా ముక్కు అప్పటికి ఉడికిన బీటు దుంపలా ఉంది. "ఈడెవుడు?"

"మా బామ్మర్ది మామ్మా. సదువుకున్నోడు. పుత్తకం సూసి బ్రేకులకి జీడి నూనె పూసినాడు."

"ఓహో, ఈడేనా నూనె పూసింది. అయితే ఒక సరతు. సోమారం సోమారం ఈడు కూడా నా పక్కన కూకుని రావివలస రావాల. కళ్ళ ముందుంటే బండికి ఏటీ పూయడు."

మా ఫ్యాక్టరీకి సెలవు సోమవారమే. నేను ఆ మాట దాచేలోగా అక్క చెప్పేసింది.

పదిహేను రోజులకు కొత్త లైనింగులు వచ్చాయి. బావ టిక్కెట్టు రద్దు చేసుకున్నాడు. చిన్నదానికి మావయ్య ఎవరో, నాన్న ఎవరో తేడా తెలిసింది. నేను పలాస వెళ్ళి, బొబ్బల చేతులు నీలమ్మ ముందు చాపాను. ఆవిడ ఆముదం రాసి, బూడిద చల్లి, నెమ్మదిగా అడిగింది. "ఇది పుత్తకంలో రాయనేదేటి బాబూ?" గ్రంథాలయానికి వెళ్ళి పేజీ తిప్పాను. రాశారు. ఆ నూనెను ఉడికించి, రసాయనాలు కలిపి, గట్టిపరచి, పొడి చేసి వాడాలట. పచ్చి నూనె తగిలితే పట్టు పూర్తిగా పోతుందట. చర్మానికి కూడా హానికరమట. నీలమ్మ చెప్పినదే, అచ్చులో, ఇంకొంచెం గ్రాంథికంగా.

అప్పటినుంచి ఈ పదేళ్ళూ నా సోమవారాలు ఆ జీడిపండు కారు వెనక సీట్లోనే గడిచాయి. ఆ సీటును కాళ్ళు లేని మనుషుల కోసం చేశారని నా నిశ్చితాభిప్రాయం. మోకాళ్ళు చెవుల పక్కన పెట్టుకుని, తొంభై దాటిన సూరమ్మ గారు చెప్పే కీళ్ళనొప్పుల కథలు వింటూ, వెళ్ళి వస్తాను. నాకు చెప్పడానికి మూడున్నర బీరువాలున్నాయి. ఆవిడ ఒక్క అర కూడా తెరవనివ్వరు. ఈ కథ చెప్పడానికి నాకు ఓపిక మిగలకపోవడానికి కారణం ఇదీ.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. ఆ పోటీ జరిగిన మరుసటి ఏడు సంబరానికి రెండు రోజుల ముందు, మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక తెల్ల కారు ఆగింది. త్రినాథ్ దిగి, అటూ ఇటూ చూసి, నన్ను పక్కకు తీసుకువెళ్ళాడు.

"గురూ, ఒక్క డబ్బా ఇప్పించు."

"ఏ డబ్బా?"

"దాసకు గురూ. సక్కగా ఆగినోణ్ణి నాను. బాడుగ ఆగనోడికి పోనాది. ఈసారి సర్పంచి గారి తమ్ముడు కూడా బండి పెట్టుకుంటన్నారంట. పీచు గుట్ట ఎక్కడున్నాదో నాను ముందే సూసుకున్నాను. నువ్వు బ్రేకులకి పూసి పెట్టు, సాలు."

గంటసేపు వివరించాను. గట్టిపరచడం చెప్పాను, పొడి చేయడం చెప్పాను, నీలమ్మను పిలిచి సాక్ష్యం కూడా చెప్పించాను. అంతా విని, "బావకొక రూలు, బయటోడికొక రూలా?" అని మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

కాబట్టి సకల జనులకూ తెలియజేయడమేమనగా: నేను, లోకనాథం, పూర్తి స్పృహతో, అమ్మవారి మీద ఆన పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బతికినంతకాలం ఏ కారుకూ, లారీకీ, ట్రాక్టరుకూ, సైకిలుకూ, పిల్లల మూడు చక్రాల బండికీ నా చేత్తో ఏ నూనే పూయను, పూయించను, పూయమని సలహా చెప్పను. త్రినాథ్ మాత్రం ఇది నమ్మడం లేదు. మంచి ఫార్ములా ఒకటి దొరికి, ఇంట్లోవాళ్ళకే దాచుకున్నానని టెక్కలి స్టాండులో అందరికీ చెబుతున్నాడట.